‘ఎక్కడ చూశావు?’ – వందేళ్ళ నాటి ఓ కాంపోజిషన్ పేపరు గొడవ

మా పిన్ని కొడుకు గోదావరి జిల్లాలోనే ఓ ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఈ సెమిస్టర్లో వాళ్ళకి రీసెర్చ్ రిపోర్టు రాయడం మీద ఒక పేపరు పెట్టారట. దాని రూల్సు కాగితం వాట్సాప్‌లో పంపి, "అన్నయ్యా, దేనికి మార్కులు పోతాయో కాస్త చూసి చెప్పు" అన్నాడు. చూశాను. హాజరు 75 శాతం. రిపోర్టు 40 పేజీలకి తగ్గకూడదు. ఎడమవైపు మార్జిను ఒకటిన్నర అంగుళం, ఎందుకంటే బైండింగుకి పోతుంది కదా. సిమిలారిటీ ఇంత శాతం దాటితే వెనక్కి పంపుతారు. ఏఐ చేత రాయించినట్టు తేలితే సున్నా. ఒకరోజు ఆలస్యమైతే ఇన్ని మార్కులు కోత. రెండు పేజీల నిండా ఇవే. "నువ్వు చెప్పేదానికి ఆధారం ఏంటి? ఎక్కడ చూశావు? నీకెలా తెలిసింది?" అని అడిగే లైను మాత్రం ఎంత వెతికినా కనబడలేదు.

తప్పు ఆ కాగితం రాసిన మేష్టారిదని నేననను. పైనుంచి వచ్చిందే ఆయన కిందకి పంపాడు. 2018లో యూజీసీ ప్లేజియరిజం మీద రెగ్యులేషన్లు తెచ్చింది. థీసిస్‌లో పోలిక 10 శాతం లోపుంటే ఫరవాలేదు, 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు దిద్ది మళ్ళీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. తరవాత పీహెచ్‌డీ వాళ్ళందరికీ పరిశోధనా నీతి మీద రెండు క్రెడిట్ల కోర్సు కూడా పెట్టారు. మంచిదే. కానీ శాతం కొలవడం సులువు, ఆధారం కొలవడం కష్టం. కొలవగలిగినదే రూలవుతుంది. మన ఆఫీసుల్లో కోడ్ కవరేజీ 80 శాతం ఉండాలంటే ఏమౌతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏమీ పరీక్షించని టెస్టులు పుట్టుకొస్తాయి, అంతే!

సరే, అసలు విషయానికొస్తాను. ఆ కాగితం చూస్తుంటే నాకు ఇంకో పేపరు గుర్తొచ్చింది. కాలేజీ కుర్రాడు సొంతంగా ఓ రెండు పేజీలు రాస్తే దాన్ని ఏ రూలు ప్రకారం దిద్దాలి అన్న ప్రశ్న మీద మన తెలుగువాళ్ళు 1910 నుంచి ఇంచుమించు పదిహేనేళ్ళు హోరాహోరీగా కొట్టుకున్నారు. సభలు, తీర్మానాలు, కమిటీలు, కరపత్రాలు, విన్నపాలు... అందులో సగం మంది రాజమండ్రి, కాకినాడ, కోనసీమ వాళ్ళే, లేదా ఇక్కడికొచ్చి సభలు పెట్టినవాళ్ళే. ఆ గొడవని మనం "గ్రాంథిక, వ్యావహారిక వాదాలు" అని పదో తరగతి తెలుగు వాచకంలో చదివేసి, ఓ ఐదు మార్కుల ప్రశ్న కింద మర్చిపోయాం. అది మొదలైంది సాహిత్యం గురించి కాదండీ. పరీక్ష పేపరు గురించి!

అప్పట్లో మనదంతా మద్రాసు యూనివర్సిటీ. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ, కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీ దాని కిందవే. ఆనకట్ట 1852లో పూర్తయింది, కాలవల్లో నీళ్ళొచ్చాయి, రెండు పంటలు పండాయి, చేతిలో నాలుగు డబ్బులాడాయి, దాంతో పిల్లల్ని రాజమండ్రి పంపించి చదివించే ఓపిక వచ్చింది. అలా వచ్చిన కుర్రాళ్ళకి తెలుగు అంటే ఎక్కువగా పద్యాలు, ప్రతిపదార్థాలు, తాత్పర్యాలు, వ్యాకరణం. నీ బుర్రలో ఉన్నది నీ వాక్యాల్లో పెట్టు అని తెలుగులో అడిగిన నాథుడు పెద్దగా లేడు. 1910 ప్రాంతంలో ఎఫ్.ఎ. పోయి ఇంటర్మీడియట్ వచ్చింది, మెట్రిక్ పోయి స్కూల్ ఫైనల్ వచ్చింది. వాటితో పాటు దేశభాషలో వ్యాసరచన, అంటే కాంపోజిషన్, తప్పనిసరి అయింది.

ఆలోచిస్తే అది చాలా పెద్ద మార్పు. మొదటిసారి ఒక రైతుబిడ్డని, ఒక గుమాస్తా కొడుకుని కూర్చోబెట్టి, "వరదల గురించి నీకు తెలిసింది రాయి" అన్నారన్నమాట. కుర్రాడికి తెలుసు. గోదావరి పొంగితే ఏమౌతుందో లంకల్లో పుట్టినవాడికి ఎవరు చెప్పాలి? కలం తీశాడు. అక్కడొచ్చింది చిక్కు. ఏ తెలుగులో రాయాలి?

"నిన్న ఏరు పొంగింది, మా ఊరి చెరువు గట్టు తెగింది, చేలు మునిగిపోయాయి" అని రాస్తే ఆ రోజుల్లో దిద్దేవాడి ఎర్రసిరా సగం అయిపోయేది. "పొంగింది" కాదు, "పొంగెను". "మునిగిపోయాయి" కాదు, "మునిఁగిపోయెను", అందులో మునికీ గికీ మధ్య అరసున్న ఉండాలి. ఏరులో, చెరువులో మామూలు ర కాదు, బండి ఱ. ఊరులో మాత్రం మామూలు ర, అక్కడ బండి ఱ పెడితే మళ్ళీ తప్పు. ఇవయ్యాక సంధులు, కళలు, ద్రుతాలు, సరళాదేశాలు, గసడదవాదేశాలు. ఇవన్నీ తెలిసిన పండితుడికి ఇది మంచి విద్యే, కాదనను. కానీ వరద గురించి చెప్పాల్సిన కుర్రాడి దృష్టంతా నీళ్ళ మీద నుంచి అరసున్న మీదకి పోతుంది. లాజిక్ చూడకుండా స్పేసులెక్కడ, ట్యాబులెక్కడ అని నలభై కామెంట్లు పెట్టే కోడ్ రివ్యూయరుని మీరు చూసే ఉంటారు. ఆయనే ఈయన.

ఈ రూల్సు ఎక్కడివి అంటే ఎక్కువగా చిన్నయసూరి గారివి. ఆయన నీతిచంద్రిక 1853, బాలవ్యాకరణం 1858. సూరి గారు గొప్పవాడు, బాలవ్యాకరణం సూత్రాలు చూస్తే ఇంత క్లుప్తంగా స్పెసిఫికేషన్ రాయగల మనిషి ఇప్పుడుంటే బావుణ్ణనిపిస్తుంది. చిక్కల్లా ఆయన కావ్యభాషకి చేసిన వ్యాకరణాన్ని తరవాతి వాళ్ళు వచనానికీ, స్కూలు పిల్లల వ్యాసానికీ, ఉత్తరానికీ అంటగట్టడంలో వచ్చింది. అంతకు ముందు తెలుగువాళ్ళు వచనం రాయలేదా అంటే బోలెడు రాశారు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీ బయల్దేరి, దారి పొడుగునా చూసిందల్లా మామూలు మాటల్లో రాసుకున్నారు, అది 1838లో పుస్తకంగా వచ్చింది. ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది, ఏ రేవు ఎలా దాటాలి, ఎక్కడ దిగాలి అన్నీ ఉంటాయి. నన్నడిగితే మన భాషలో మొదటి మంచి ఫీల్డ్ రిపోర్టు అదే. సూరి గారి తరవాత అలా రాయడం "తప్పు" అయిపోయింది.

దీన్ని మొదట ప్రశ్నించినవాళ్ళెవరో చూడండి. జె.ఎ. యేట్సు అని ఒక ఇంగ్లీషు దొర, ఉత్తర జిల్లాల స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. పి.టి. శ్రీనివాస అయ్యంగారు అని ఒక తమిళాయన, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు. తెలుగు తరవాత నేర్చుకున్నవాళ్ళకే కనిపించింది, పుస్తకంలో ఒక తెలుగు, వీధిలో ఇంకో తెలుగు ఎందుకున్నాయని. పుట్టినప్పట్నుంచి ఇందులో మునిగున్నవాడికి నీళ్ళు కనబడవు కదా. వాళ్ళకి తోడయ్యారు విజయనగరంలో గురజాడ అప్పారావు గారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు.

ఎదురుగా నిలబడినాయన జయంతి రామయ్య పంతులు గారు. మన కోనసీమ ముక్తేశ్వరం ఆయనది. రాజమండ్రిలో చదువుకున్నారు, డిప్యూటీ కలెక్టరు చేశారు. 1911లో పిఠాపురం రాజావారి అండతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టారు. అది మొదట మద్రాసులో ఉండేది, తరవాత కాకినాడ వచ్చింది. మన పాఠాల్లో రామయ్య పంతులు గారిని ఒక ఛాందసుడిలా చూపిస్తారు. అది అన్యాయం. ఆయన శాసనాలు చదివిన పరిశోధకుడు, బెజవాడ యుద్ధమల్లుడి శాసనాన్ని పరిష్కరించి ప్రచురించిన మనిషి. పరిషత్తు తాళపత్రాలు సేకరించి అచ్చు వేయకపోతే మనకి ఎన్నో పుస్తకాలు చెదలకి పోయేవి.

ఆయన వాదనలో పస కూడా ఉంది. వాడుక భాష అంటున్నారు సరే, ఎవరి వాడుక? నేను ఇవాళ రాసినా ఇదే ప్రశ్న. మా తూర్పువైపు పెద్దవాళ్ళు "వచ్చేను" అంటారు, కృష్ణా గుంటూరు వాళ్ళు "వచ్చాను" అంటారు, సీమలో "వచ్చినాను", తెలంగాణలో "వచ్చిన". ఒక పేపరు దిద్దేవాడు ఇందులో ఏది ఒప్పు అనాలి? గ్రాంథికం ఎవరి ఇంట్లోనూ లేదు కాబట్టి అందరికీ సమానం, గంజాం నుంచి అనంతపురం దాకా ఒకే కొలబద్ద, పైగా వెయ్యేళ్ళ సాహిత్యంతో తెగని లంకె. ఇదీ ఆ పక్షం మాట. దీనికి గిడుగు వారి పక్షం చెప్పిన జవాబు శిష్టవ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ళు మర్యాదగా మాట్లాడుకునే భాష. జవాబు బానే ఉంది గానీ ఆ శిష్టులెవరయ్యా అంటే చివరికి తేలింది కృష్ణా గోదావరి డెల్టా వాళ్ళే. పత్రికలు, పాఠాలు, సినిమాలు అన్నీ మన మాటనే "మంచి తెలుగు" చేసేశాయి. నల్గొండ నుంచో, చిత్తూరు నుంచో వచ్చిన నా టీమ్ మేట్లు తమ ఇంటి మాట రాస్తే అది "యాస" అయింది, నేను రాస్తే "భాష" అయింది. రామయ్య పంతులు గారు అడిగిన ప్రశ్న మనకి అనుకూలంగా పరిష్కారమైంది కాబట్టి మనం దాన్ని మర్చిపోయాం. వాళ్ళు మర్చిపోలేదు.

ఇహ తారీఖులు గబగబా చెప్పేస్తాను. 1912-13లో స్కూల్ ఫైనల్ కుర్రాళ్ళు ఏ శైలిలోనైనా వ్యాసం రాసుకోవచ్చని అనుమతి వచ్చింది. గ్రాంథిక పక్షం ఊరూరా సభలు పెట్టింది. 1913లో గిడుగు వారు ఆధునిక తెలుగు గురించి ఒక విజ్ఞాపన వేశారు, అదే ఏడు రామయ్య పంతులు గారు గ్రాంథికాన్ని సమర్థిస్తూ పుస్తకం వేశారు. యూనివర్సిటీ కాంపోజిషన్ సబ్ కమిటీ గ్రాంథికం వైపు మొగ్గితే, సభ్యుడైన గురజాడ ఒప్పుకోకుండా 1914లో తన అసమ్మతి పత్రం విడిగా రాసిచ్చారు. పేరుకి కమిటీలో అసమ్మతి నోటు. చూస్తే పెద్ద పుస్తకం! 1915 నాటికి స్కూల్ ఫైనల్‌కి ఇచ్చిన అనుమతి కూడా రద్దయిపోయింది. ఆ ఏడు నవంబరులోనే గురజాడ పోయారు. పరీక్ష వరకు పండితులు గెలిచారన్నమాట.

ఇక్కడో తమాషా గమనించండి. గిడుగు వారి విజ్ఞాపన ఇంగ్లీషులో ఉంది. జయంతి వారి సమర్థన ఇంగ్లీషులో ఉంది. గురజాడ అసమ్మతి పత్రమూ ఇంగ్లీషే. తెలుగు కుర్రాడు తెలుగులో ఎలా రాయాలి అన్న వాదన మొత్తం, ముగ్గురు మహానుభావులూ ఇంగ్లీషులో చేశారు! దిద్దవలసిన దొరలకి అర్థం కావాలి కాబట్టి తప్పలేదనుకోండి. కానీ ఆ కుర్రాడు ఏం నేర్చుకుని ఉంటాడు? తెలుగు తప్పులు దిద్దించుకోవడానికి, ఇంగ్లీషు వాదించడానికి. మనం ఇవాళ డిజైన్ డాక్యుమెంటు ఇంగ్లీషులో, పండగ శుభాకాంక్షలు తెలుగులో రాయడం ఎప్పుడు మొదలైందని నన్నడిగితే నేను ఆ సంవత్సరాలే చూపిస్తాను.

అదే సమయంలో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో ఇంకో పని జరుగుతోంది. ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆయన 1909 నుంచి పదేళ్ళు అక్కడ ప్రిన్సిపాలు. దామెర్ల రామారావులో బొమ్మలేసే చెయ్యి చూసి ప్రోత్సహించింది ఆయనే. రామారావు బొంబాయి వెళ్ళి బొమ్మలు నేర్చుకొచ్చి, గోదావరి మనుషుల్ని, గోదావరి వెలుగుని గీశాడు. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. సిలబస్‌లో లేని విషయంలో మాత్రం "నీ కంటికి కనబడింది గియ్యి" అనే గురువు దొరికాడు. సిలబస్‌లో ఉన్న తెలుగు వ్యాసంలో మాత్రం కంటికి కనబడింది రాస్తే మార్కులు పోతాయి. రెండూ ఒకే కాలేజీ గోడల మధ్య. నాకిది చరిత్ర పుస్తకాల్లో కనిపించే విషయాల కన్నా విచిత్రంగా అనిపిస్తుంది.

ఇప్పుడు గిడుగు వారి దగ్గరికి. ఈయన గురించి ప్రతి ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పేరుతో ఉపన్యాసాలు వింటాం. అమ్మ భాష, తేనె భాష, దండలు, శాలువాలు. ఆ ఉపన్యాసాల్లో ఎవరూ చెప్పనిది ఏంటంటే ఆయన ఎలా వాదించాడన్నది. ఆయన శాసనాల లిపి తనంతట తాను నేర్చుకుని ముఖలింగం గుళ్ళో శాసనాలు చదివిన స్కూలు మేష్టారు. సవర భాష కోసం సవరవాళ్ళని పిలిపించి, ఇంట్లో పెట్టుకుని, వాళ్ళ దగ్గర కూర్చుని మాటలు రాసుకున్న మనిషి. దశాబ్దాలు పట్టింది. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అంటే డేటా ముందు, రూలు తరవాత అనేది ఆయనకి తెలుగు గొడవ కంటే ముందే అలవాటైన పని.

తెలుగులోనూ అదే చేశాడు. పండితులు "ఇది దోషం" అన్న ప్రతి రూపానికీ పాత పుస్తకాలు వెతికాడు. వ్యాఖ్యానాలు, వచనాలు, కావ్యాలు, శాసనాలు తిరగేశాడు. ఫలానా చోట ఫలానా వారు ఇలాగే రాశారు, చూసుకోండి అని పెట్టాడు. అక్కడితో ఆగలేదు, గ్రాంథికమే రాయాలనే పండితులు రాసిన పుస్తకాలు తీసి, మీ రూలు ప్రకారం మీ పుస్తకంలోనే ఇన్ని తప్పులున్నాయి, ఇదిగో పట్టిక అన్నాడు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అని పేరు పెట్టి మరీ! స్పెక్ రాసినవాళ్ళ కోడే స్పెక్ ప్రకారం కంపైల్ అవ్వట్లేదని లాగ్స్‌తో సహా చూపించినట్టు. సాక్షాత్తూ వీరేశలింగం గారి రచనల్ని కూడా వదల్లేదు.

వీరేశలింగం గారి విషయం మరీ ముచ్చటైనది. చిన్నయసూరి వదిలేసిన సంధి, విగ్రహం కథలు గ్రాంథికంలో రాసి పేరు తెచ్చుకున్నాయన. తెలుగు పండితుడిగా ఉద్యోగం చేశారు. ఆంధ్ర కవుల చరిత్రము రాసింది ఆయనే. పుక్కిటి కథలతో సరిపెట్టుకోకుండా ఏ కవి ఏ కాలం వాడో ఆధారాలతో తేల్చాలని చూసిన పెద్ద ప్రయత్నాల్లో అది ఒకటి. అలాంటాయన తన తప్పులు పట్టినవాడి మీద కోపం తెచ్చుకోవాలి కదా? 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెడితే దానికి వీరేశలింగం గారు అధ్యక్షుడు, గిడుగు వారు కార్యదర్శి. అప్పటికి కందుకూరి వయసు డెబ్భై. మే నెలలో కాలం చేశారు. జీవితమంతా ఒక పద్ధతిలో రాసి, ఆధారాలు చూసి, చివరి మూడు నెలల్లో పక్షం మారిన మనిషి! ఆయన చేసిన వితంతు వివాహాలు అందరికీ తెలుసు. ఇది కూడా వాటి పక్కన చెప్పుకోవలసిందే అని నాకనిపిస్తుంది.

ఆ సెప్టెంబరులో గిడుగు వారు "తెలుగు" అని ఒక పత్రిక మొదలుపెట్టారు. 1924 అక్టోబరులో కాకినాడలో పరిషత్తు వాడుక భాష మీద నిషేధం ఎత్తేసింది. 1925లో తణుకులో పరిషత్తు సభలో గిడుగు వారు నాలుగు గంటలు మాట్లాడారని చెబుతారు. నాలుగు గంటలు, ఆ వయసులో, చెవుడుతో, ఎదురుగా పండితులతో! అది ఉపన్యాసం అయ్యుండదు, పుస్తకాలు ఒక్కొక్కటీ తెరిచి చూపిస్తే తప్ప అంతసేపు జనం కూచోరు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన ఆ ఊరు వదిలేసి రాజమండ్రి వచ్చేశారు. 

పత్రికలు, కథలు వాడుక భాషకి వచ్చేశాయి. పొలమూరు వేదపండితుల ఇంట్లో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు రాజమండ్రిలో కూర్చుని అచ్చమైన గోదావరి మాటల్లో కథలు రాశారు. కానీ కాలేజీ? పరిశోధన? సి. నారాయణరెడ్డి గారు ఆధునిక కవిత్వం మీద 1962లో ఉస్మానియాలో డాక్టరేటు తీసుకున్నారు. ఆ పుస్తకం పేరు ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’. విషయం ఆధునికం, పేరులో మూడు "ము"లు. తెలుగు అకాడమీ వచ్చింది 1968లో. పీహెచ్‌డీ థీసిస్ వాడుక భాషలో రాసే వెసులుబాటు స్థిరపడేసరికి 1970లు వచ్చేశాయి. తణుకు సభకీ దానికీ మధ్య నలభై ఐదేళ్ళ పైమాటే. ఆ నలభై ఐదేళ్ళలోనే తెలివైన కుర్రాళ్ళు సైన్సు, ఇంజనీరింగు, చరిత్ర అన్నీ ఇంగ్లీషులో రాయడానికి వెళ్ళిపోయారు. రాజమండ్రిలోనే 1922లో ఆంధ్ర చారిత్రక పరిశోధక సంఘం పెట్టిన భావరాజు వెంకట కృష్ణారావు గారి మిత్రబృందాన్ని చూడండి. ఆ ఏడు రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్ళు నిండాయని తెలుగులో చక్కటి సంచిక తెచ్చారు. 1926లో సంఘం పరిశోధన పత్రిక మొదలుపెట్టినప్పుడు అది నడిచింది ప్రధానంగా ఇంగ్లీషులో. పత్రిక గొప్పది, చరిత్రకారులు ఇప్పటికీ ఉటంకిస్తారు. అయితే పండగ సంచిక తెలుగులో, పరిశోధన ఇంగ్లీషులో అనే విభజన అప్పటికే వచ్చేసింది.

ఇప్పుడు నా గోల ఏంటంటే, మనం గిడుగు వారి వాదం తీసుకున్నాం, ఆయన పద్ధతి వదిలేశాం. వాడుక భాషలో రాయొచ్చు అన్నారు, హాయిగా రాస్తున్నాం, నేనూ రాస్తున్నాను. కానీ "నన్నయ కాలంలోనే ఇలా ఉండేది", "మన పూర్వీకులకి ఇది తెలుసు", "ఫలానా పదం సంస్కృతం నుంచి రాలేదు, అచ్చ తెలుగే" అని వాట్సాప్‌లో వచ్చే వాటిల్లో ఎన్నిటికి "ఎక్కడ చూశావు?" అని అడిగితే జవాబుంటుంది? గిడుగు వారు బతికుంటే అందులో అరసున్న లేదని ఏమీ అనేవారు కాదు. ఏ పుస్తకం, ఏ పుట అని అడిగేవారు. అరసున్న పోయినా ఆ ప్రశ్న ఉండాలి. పోయింది అరసున్న ఒక్కటే కాదు.

కాలేజీల సంగతి కూడా అంతే. అప్పుడు బండి ఱ లెక్కపెట్టారు, ఇప్పుడు సిమిలారిటీ శాతం లెక్కపెడుతున్నారు. రెండూ వాక్యం పైతోలు చూసే పరీక్షలే. మాటలు మార్చి రాసిచ్చే ఏఐ వచ్చాక ఆ శాతం సున్నాకి తేవడం రెండు నిమిషాల పని. అదే కుర్రాణ్ణి "ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరికలు ఎలా ఇస్తారో నువ్వు వెళ్ళి చూసి, అక్కడి గేజి లెక్కలు తెచ్చి, నువ్వు ఎవరితో మాట్లాడావో, ఏ రోజున మాట్లాడావో రాయి" అంటే? తెలుగో ఇంగ్లీషో, రెండూ కలిపో, ఎలా రాసినా సరే. కాపీ కొట్టడానికి అక్కడ ఏమీ ఉండదు. దిద్దేవాడికి మాత్రం పని పెరుగుతుంది, ఎందుకంటే ఆయనా ధవళేశ్వరం సంగతి తెలుసుకోవాలి. అసలు చిక్కు అక్కడే ఉందనుకుంటాను. 1911లోనూ అంతే అయ్యుంటుంది. వరద సంగతి తెలియకపోయినా అరసున్న దిద్దొచ్చు.

మా తమ్ముడికి నేను చెప్పింది: మార్జిను వాళ్ళు చెప్పినట్టే పెట్టు, ప్రతి పేరా చివర "ఇది నాకెలా తెలుసు" అని పెన్సిలుతో నీకు నువ్వే రాసుకో, సబ్మిట్ చేసే ముందు చెరిపెయ్. వాడు "దానికి మార్కులుంటాయా?" అన్నాడు. లేవు.

చివరగా ఒక విన్నపం. ఈ కథలో గురజాడ మాట దొరుకుతుంది, గిడుగు మాట దొరుకుతుంది, జయంతి వారి మాట దొరుకుతుంది. ఆ పేపరు రాసిన కుర్రాడి మాట నాకు ఎక్కడా దొరకలేదు. 1911 నుంచి 1940 దాకా రాజమండ్రిలోనో, కాకినాడలోనో, నరసాపురంలోనో చదివిన మీ ముత్తాతల, తాతల తెలుగు కాంపోజిషన్ నోటుపుస్తకం మీ ఇంట్లో అటక మీద ఏ ట్రంకు పెట్టెలోనైనా ఉందేమో చూడండి. ఉంటే ఫోటోలు తీసి పంపండి. ఎర్రసిరా ఎన్నిచోట్ల అరసున్న కోసం పడింది, ఎన్నిచోట్ల విషయం తప్పయినందుకు పడింది, ఆ రెండూ లెక్కపెట్టి, ఏ పుస్తకం ఏ పుటో సహా, ఇంకో టపాలో రాస్తాను.